పరిగె

(మా ఊరి గ్రంథాలయంలో మాస్టారి సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



నా వెనక బ్యానరు మీద ‘మాస్టారి స్మారకోపన్యాసం’ అని మాత్రమే ఉంది. పేరు మర్చిపోయారేమోనని ఫ్లెక్సీ వేసే కుర్రాడు రెండుసార్లు ఫోను చేశాడట. మన బడిలో ఎంతమంది ఉపాధ్యాయులు వచ్చి వెళ్ళినా ఈ ఊళ్ళో ‘మాస్టారు’ అంటే ఒక్కరే. తన పేరు గోడలమీదా బల్లలమీదా రాయించవద్దని ఆయన ఇంట్లోవాళ్ళకి చెప్పి మరీ వెళ్ళారు. కాబట్టి నేనూ పేరెత్తను. ఫొటోకి దండ కూడా వద్దన్నారు. ఆ మాట మాత్రం మనం వినలేదు.

‘నిత్యజీవితంలో ఆధ్యాత్మిక చింతన’ అన్నది నాకిచ్చిన విషయం. ప్రశాంతత, పదిమందితో అనుబంధం, కొత్త చేవ అనే మూడింటినీ స్పృశించాలని గ్రంథాలయ కార్యదర్శిగారు ఉత్తరంలో రాశారు. అంత పెద్ద మాటలతో మొదలుపెట్టడం నాకు చేతకాదు. మాస్టారి నోట విన్న చిన్నమాట ఒకటి తెచ్చుకున్నాను. అది పరిగె.

ఇక్కడ కూర్చున్న పిల్లల్లో సగంమందికి ఈ మాట తెలియకపోవచ్చు. కోత మిషన్లు వచ్చాక ఆ పనీ పోయింది, దానితో మాటా పోతోంది. మా చిన్నప్పుడు సార్వా వరి కోసి పనలు వేసి నాలుగు రోజులు చేలోనే ఆరనిచ్చేవారు. తర్వాత కట్టలు కట్టి కుప్పకి మోసేవారు. ఎత్తేటప్పుడూ కట్టేటప్పుడూ మోసేటప్పుడూ కొన్ని కంకులు విరిగి నేలరాలేవి. చేను ఖాళీ అయి, ఆసామి సరేనన్నాక, కూలి ఇళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ దిగి ఆ కంకులు ఒక్కొక్కటే ఏరుకునేవారు. అదే పరిగె. కొయ్యకాళ్ళు అరికాళ్ళలో దిగేవి. వరి కోయకముందే చల్లిన మినుము అప్పటికి మొలిచి ఉంటుంది, దాన్ని తొక్కకూడదు. తొక్కితే గట్టుమీదినుంచి తిట్లు. కొంగు దోపి ఒడి చేసుకుని, నడుం వంచి, చూపు నేలమీదే పెట్టి పొద్దుగూకేదాకా తిరిగితే ఒక రోజు కుంచెడు గింజలు రాలేవి, ఇంకో రోజు సోలెడు కూడా రాలేవి కావు. ఇంటికొచ్చి ఆ కంకుల్ని కాళ్ళతో నలిపి, చేటతో చెరిగి, దంచుకుంటే ఆ పూటకి అన్నం. మిగిలిన గింజలకి బాతులవాళ్ళు మందలు తోలుకొచ్చేవారు. ఆ తర్వాత ఎలుకలు. ఎలుక కన్నాలు తవ్వి వాటి దాపుడు ధాన్యం తీసుకునే యానాదులు ఆ తర్వాత. చేను కోసేశాక కూడా దానిమీద ఎంతమంది బతికేవారో!

మాస్టారి తల్లి మన ఊరి చేలల్లో పరిగె ఏరింది. ఈ సంగతి సభలో చెప్పమన్నది ఆయన పెద్దమ్మాయిగారే. ఏడెనిమిదేళ్ళ పిల్లాడు తల్లి వెనకే చేలో తిరుగుతూ ఊరికే వాగుతుంటే ఆవిడ కసిరేదట: “మాట్టాడతా ఉంటే కంకి కనపడదురా.” ఆయన మాకు క్లాసులో ఆ మాట ఆవిడ గొంతుతోనే చెప్పేవారు. అల్లరి చేసే క్లాసుని ఊరుకోబెట్టడానికి బెత్తం బదులు ఆ మాట వాడేవారు.

తర్వాత ఆయన తెలుగు పండిట్ శిక్షణకి వెళ్ళారు. అక్కడ తిక్కనగారి అశ్వమేధపర్వం చదువుతుంటే సక్తుప్రస్థుడి కథ వచ్చింది. మీలో చాలామందికి తెలిసిన కథే. ధర్మరాజు చేసిన అశ్వమేధం ముగిసి అందరూ పొగుడుతున్న వేళ సగం ఒళ్ళు బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మణుడు చేసిన పేలపిండి దానానికి సాటి రాదని తీసిపారేస్తుంది. ఆ బ్రాహ్మణుడిది ఉంఛవృత్తి. కరువుకాలంలో దొరికిన యవలతో పిండి చేసుకుని తనూ భార్యా కొడుకూ కోడలూ నాలుగు పాళ్ళు వేసుకుని తినబోతుండగా అతిథి వస్తాడు. ఒకరి తర్వాత ఒకరు తమ తమ పాళ్ళు అతనికి పెట్టేస్తారు. ఆ చోట నేలమీద మిగిలిన పిండిలో పొర్లిన ముంగిసకి సగం దేహం బంగారమవుతుంది. రెండో సగం కోసం అది యాగాలన్నీ తిరుగుతూనే ఉంటుంది.

మాస్టారిని ఆపేసింది కథ కాదు, టీక. ఉంఛవృత్తి అంటే పరిగె ఏరుకుని బతకడమని అందులో ఉంది. తల్లి చేసిన పనికి అంత ఘనమైన సంస్కృతం పేరుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు. మనుస్మృతి నాలుగో అధ్యాయం ఇంకా ముందుకెళ్ళి, పరిగె ఏరుకుని బతకడానికి ‘ఋతం’ అని పేరు పెట్టింది. అడిగి తెచ్చుకునే భిక్ష దాని లెక్కలో ‘మృతం’. రేపటికంటూ ఏమీ దాచుకోనివాణ్ణి ‘అశ్వస్తనికుడు’ అని పిలిచి గృహస్థుల్లో పెద్దపీట వేసింది. వైశేషిక దర్శనం చెప్పిన కణాదుడికి ఆ పేరు రాలిన గింజలు తిని బతకడం వల్ల వచ్చిందని ఒక వాడుక ఉంది.

ఇక్కడ మాస్టారు మామూలుగా పురాణం చెప్పేవాళ్ళలా పరవశించి ఊరుకోలేదు. “పుస్తకంలో ఆ పని చేసినవాడు ఋషి. మన గట్టుమీద అదే పని చేసింది మా అమ్మ. ఆవిణ్ణి ఎవరూ ఋషి అనలేదు సరికదా, దొంగతనంగా పన లాగిందేమోనని ఒడి విప్పి చూశారు” అన్నారు ఒకసారి. కోపంగా అనలేదు. వ్యాకరణంలో మినహాయింపు చెప్పినట్టు చెప్పారు. రేపటికి దాచుకోకపోవడం ఒకరికి వ్రతం, ఇంకొకరికి గతిలేనితనం. ఈ తేడా మర్చిపోయి సరళజీవితం గొప్పదనం గురించి మాట్లాడేవాళ్ళమీద నాకు నమ్మకం లేదు, ఆయనకి అసలే లేదు. కానీ ఆయన ఆ మాటని వదిలిపెట్టలేదు. తల్లి చేతిలోంచి అందుకుని తన సాయంత్రాలకి పేరుగా పెట్టుకున్నారు.

ఆ సాయంత్రాలు మీరంతా చూసినవే. బడి అయ్యాక, రిటైరయ్యాకనైతే ట్యూషన్ పిల్లలు వెళ్ళిపోయాక, దీపాలు పెట్టేవేళకి ఆయన అరుగుమీద కూర్చునేవారు. చేతిలో రోజుకో కాగితం చించే గోడ క్యాలెండరులోంచి ఆ రోజు కాగితం ఉండేది. పది నిమిషాలు ఊరికే కూర్చుని, వెనకవైపు ఏదో ఒక ముక్క రాసి, పాత పంచదార డబ్బాలో వేసేవారు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే తలూపేవారు గానీ మాట్లాడేవారు కాదు. జమాఖర్చు రాసుకుంటున్నారనుకునేవాళ్ళం. ఒక రకంగా జమే, ఖర్చు పద్దు లేని జమ. ఆ రోజు తన ఒడిలోకి ఎవరివల్ల ఏం వచ్చిందో ఏరి రాసుకోవడమే ఆ పని. తను చేసిన మంచి పనులు అందులో ఉండకూడదన్నది నియమం. దేవుడి పేరు రాయాలన్న నియమం లేదు.

భోగినాడు తెల్లవారుజామున ఆ డబ్బా తెచ్చి మంటలో వంచేసేవారు. ఏడాది కాగితాలన్నీ, ఒక్కటి కూడా మిగల్చకుండా. దాచుకుంటే ఏమని అడిగితే, “దాస్తే గాదె అవుతుంది” అన్నారు.

ఇలాంటి రోజువారీ సాధన మన తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. తిరువయ్యారులో తిరుమంజన వీధిలో కాపురమున్న త్యాగరాజస్వామిదీ ఉంఛవృత్తే. కాకర్ల వారి వంశం, పుట్టింది 1767లో తిరువారూరులో, పోయింది 1847 జనవరి 6న తిరువయ్యారులో. ఆయన పొలంలో కంకులు ఏరలేదు. తంబురా పట్టుకుని, శిష్యుల్ని వెంటబెట్టుకుని వీధి వెంట పాడుకుంటూ వెళ్తే ఇళ్ళవాళ్ళు బియ్యం వేసేవారు. చేను వీధి అయింది, కంకి పిడికెడు బియ్యమైంది, పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఇప్పటికీ పుష్య బహుళ పంచమినాడు ఆయన ఇంటినుంచి సమాధిదాకా ఉంఛవృత్తి భజన సాగుతుంది. అక్కడ నిలబడి ఉన్న సమాధి మందిరాన్ని కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. తన సొమ్ము పెట్టి స్థలం కొని కట్టించి, 1926 జనవరిలో ప్రతిష్ఠ చేయించింది. ఆ రోజుల్లో ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవారు కాదు. తానే ఆడవాళ్ళ బృందాన్ని కూడగట్టి పాడించింది. అది వేరే ఉపన్యాసానికి సరిపడా సంగతి.

త్యాగరాజస్వామి తారకనామం 96 కోట్లు జపించారని ప్రతీతి, 21 ఏళ్ళపాటు రోజుకి 1,25,000 చొప్పున. మాస్టారికి జిగిరీ దోస్తయిన లెక్కల మాస్టారు ఒకరు ఇదే అరుగుమీద కూర్చుని లెక్క తీశారు. రోజుకి 86,400 సెకన్లు. సెకనుకి రెండుసార్లు రామా అన్నా పదిహేడు గంటలు దాటుతుంది. మరి కీర్తన ఎప్పుడు కట్టాడు, శిష్యులకి పాఠం ఎప్పుడు చెప్పాడు, వీధిలోకి ఎప్పుడు వెళ్ళాడు? మాస్టారు నవ్వి, “లెక్కలో నువ్వు రైటే. కానీ వాడుక తప్పు చెప్పిన చోట కూడా ఏదో ఒక నిజం దాక్కుని ఉంటుంది. అంకె వదిలెయ్యి, రోజుకి అన్న ముక్క ఉంచుకో” అన్నారు. సంగీతం తెలిసినవాళ్ళని అడగండి. త్యాగరాజస్వామి రాసిన ఉత్సవసంప్రదాయ కీర్తనలంటే దేవుణ్ణి నిద్రలేపడం దగ్గర్నుంచి ఆరగింపులు చేసి పడుకోబెట్టేదాకా ఇంటిపనుల వరస. దివ్యనామ కీర్తనల్లో చాలావాటిలో చరణాలన్నిటికీ ఒకే ధాతువు, అంటే ఒకే బాణీ. రాగాలాపన రానివాడు కూడా నడుస్తూ గొంతు కలపగలడు. ఘనరాగాల్లో పంచరత్నాలు కట్టిన మనిషే అవీ కట్టాడు. విద్వాంసులు పంచరత్నాల దగ్గర ఆగిపోతారు. నా మటుకు నాకు ఆయన ఆధ్యాత్మికత ఆ వీధిపాటల్లోనే ఎక్కువ కనిపిస్తుంది.

మన ఊళ్ళో ధనుర్మాసం వస్తే హరిదాసు వచ్చేవాడు గుర్తుందా? తలమీద రాగి అక్షయపాత్ర, ఒక చేత చిడతలు, భుజాన తంబురా, కాలికి గజ్జె. మన గుమ్మంముందు ఆగి, పాట ఆపకుండా మోకాళ్ళు వంచి కూర్చునేవాడు. మా నాయనమ్మ నన్ను ఎత్తుకుని నా పిడికిట్లో బియ్యం పోసి ఆ పాత్రలో వేయించేది. ఊరంతా తిరిగి ఇల్లు చేరేదాకా అతను కీర్తన తప్ప మరో మాట మాట్లాడడు. పాత్ర దారిలో ఎక్కడా దించడు. ఇంటికి వెళ్ళాక భార్య కాళ్ళు కడిగి పాత్ర దించాలి. అంతసేపు మౌనంగా ఉండటానికి అతను కొండ ఎక్కలేదు. కుక్కలు మొరిగే వీధిలో, పంపు దగ్గర బిందెల గొడవ మధ్య, తలమీద బరువు పెట్టుకుని నడుస్తూనే మౌనంగా ఉన్నాడు. నిశ్చలత్వం గురించి నాకు తెలిసిన పాఠం అదొక్కటే.

మరో చిన్న సంగతి. ముష్టి అంటే సంస్కృతంలో పిడికిలి. గుమ్మంలో నిలబడ్డవాడికి పిడికెడు పెడతాం కాబట్టి పెట్టే బియ్యానికి ముష్టి అనే పేరొచ్చింది. పోనుపోను తీసుకునేవాడు ముష్టివాడయ్యాడు, మాట తిట్టయింది. పిడికిలి మాత్రం పెట్టేవాడిదేనన్న సంగతి మనకి గుర్తులేదు.

ఇలా ఏరుకోవడం, పిడికెడు పెట్టడం హిందువుల సొత్తు కూడా కాదు. బౌద్ధ భిక్షువుల నియమాల్లో సపదాన చారిక అని ఒకటుంది. వీధిలో వరసగా ప్రతి ఇంటి ముందూ ఆగాలి, మంచి వంట వాసన వచ్చే ఇల్లు వెతుక్కుంటూ పేదింటిని దాటిపోకూడదు. మన చర్చిలో రూతు కథ చదివేటప్పుడు మీరు వినే ఉంటారు, తెలుగు బైబిలులో వాడిన మాట కూడా పరిగే. అత్తని వదల్లేక పరాయి దేశం వచ్చిన మోయాబు పిల్ల యవల చేలో పరిగె ఏరుకుంటుంటే, ఆ చేని ఆసామి బోయజు కోతవాళ్ళని పిలిచి, ఆమె కోసం కావాలనే కొన్ని కంకులు జారవిడవమంటాడు. మాస్టారికి ఈ ఘట్టం ప్రాణం. చర్చి ఫాదర్‌గారితో గంటలు గంటలు దానిగురించే మాట్లాడేవారు. ఏరుకునేవాళ్ళ ఓపిక గురించి అందరూ చెబుతారు, జారవిడిచే చెయ్యి ఒకటి ఉండాలి కదా అనేవారు. మిజోరంలో క్రైస్తవ ఇళ్ళల్లో పూటపూటా వంటకి బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టే ఆచారం నూరేళ్ళు దాటి నడుస్తోంది. వాళ్ళ భాషలో దాని పేరు బుహ్‌ఫాయి థామ్. కంచి చంద్రశేఖరేంద్ర సరస్వతి గృహిణులకి చెప్పిన పిడి అరిసి పథకమూ ఇలాంటిదే. మన గోదావరి ఇళ్ళల్లో కొత్త వరి కంకులు కుచ్చు అల్లి పిచ్చుకలకోసం వసారాలో వేలాడదీసేవారు. ముగ్గు బియ్యప్పిండితో వేసేది చీమలకని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఇప్పుడు రాతిపిండి ముగ్గుని చీమ వాసన కూడా చూడదు.

ఇంతా చెప్పి నా సంగతి దాచడం బాగుండదు. నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో మనసు బాగా చెదిరిపోయిన సమయం ఒకటి వచ్చింది. పది రోజుల మౌన శిబిరానికి వెళ్ళాను. మంచి శిబిరమే. పదిరోజులూ పెదవి విప్పలేదు. పదకొండో రోజు బస్టాండులో దిగి, ఇరవై రూపాయల దగ్గర ఆటో అతనితో ఊరంతా వినేలా పోట్లాడాను. ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయింది. తప్పు శిబిరానిది కాదు. నిశ్శబ్దాన్ని నేను ఊటీ నుంచి తెచ్చుకున్న టీపొడిలా సంచిలో వేసుకొచ్చాననుకున్నాను.

తర్వాత మాస్టారిలాగే చీటీ రాద్దామని మొదలుపెట్టాను. అట్టబైండు పుస్తకం కొన్నాను, సిరా పెన్ను కొన్నాను. నలభై రోజులు రాసి, గర్వంగా తీసుకొచ్చి ఆయనకి చూపించాను. నాలుగు పేజీలు చదివి కళ్ళజోడు తీసేశారు. “బాగా రాశావురా. నువ్వు కోత కోస్తున్నావు, పరిగె ఏరడంలా.” అప్పుడు బాధేసింది. ఇప్పుడు ఆ పుస్తకం తీస్తే ఆయన మాట అక్షరాలా నిజమని తెలుస్తోంది. ప్రతి రోజునుంచీ ఏదో ఒక తత్వం పిండాను. సూర్యాస్తమయం లేని పేజీ లేదు. ఎదురింటావిడ ఇచ్చిన కరివేపాకు గురించి ఒక్క ముక్క లేదు.

ఈ రోజుల్లో ధ్యానానికి ఫోనులో యాప్‌లున్నాయి. నేనూ ఒకటి పెట్టుకున్నాను. వరసగా ఎన్ని రోజులు కూర్చున్నానో లెక్క చూపించి మెచ్చుకుంటుంది, ఒక రోజు తప్పితే లెక్క సున్నా చేసి చిన్నబుచ్చుతుంది. దానివల్ల మేలు జరిగినవాళ్ళుంటే వాళ్ళతో నాకు తగువు లేదు. నాకు మాత్రం అది ఇంకో హోంవర్కు అయింది.

మాస్టారి డబ్బాలో తప్పిన రోజుకి శిక్ష లేదు, తప్పని రోజుకి బహుమతీ లేదు. ప్రశాంతత అనే మాట ఆయన వాడగా నేను వినలేదు. నెమ్మది అనేవారు. మన భాష చిత్రం చూడండి. తొందర లేకపోవడానికీ మనసు కుదుటపడటానికీ మనకి ఒకటే మాట. జ్వరం తగ్గినవాణ్ణి నెమ్మదిగా ఉందా అంటాం, పరుగెత్తే పిల్లాణ్ణి నెమ్మదిగా వెళ్ళరా అంటాం. పరిగె ఏరేవాడు పరుగెత్తలేడు. పరుగెత్తితే కంకి కనపడదు, మినుము మొక్కలు తొక్కుతాడు, కొయ్యకాలు దిగుతుంది. ఆ పని చేయాలంటే నెమ్మదించక తప్పదు. నెమ్మదించాక వెతుకుదామని కూర్చునేవాడికి పొద్దు గూకిపోతుంది. ఈ వరస నాకు అర్థమవడానికి ముప్ఫయ్యేళ్ళు పట్టింది.

రెండేళ్ళకింద మార్గశిరంలో మాస్టారు పోయారు. భోగి ఇంకా నెల ఉంది. అందువల్ల ఆ ఏటి కాగితాలు మాత్రం డబ్బాలో మిగిలిపోయాయి. పెద్దమ్మాయిగారు వాటిని రబ్బరుబ్యాండు వేసి నా చేతికిచ్చారు. కొన్ని చదువుతాను. మనుషుల పేర్లు తీసేశాను.

“బస్సు తప్పింది. పాలకేంద్రం కుర్రాడు బండిమీద దింపాడు. పేరు అడగలేదు.” మర్నాటి కాగితం మీద: “పేరు అడిగాను.”

“మోకాలు. మందుల షాపు అమ్మాయి, తాతగారూ ఇది అన్నం తిన్నాకే అని రెండుసార్లు చెప్పింది. మొదటిసారి నేను వినలేదు.”

“తమ్ముడితో ఫోను. నేను గొంతు పెంచాను. వాడు పెంచలేదు.”

“ట్యూషన్ పిల్లకి బహువ్రీహి తప్పు చెప్పాను. ఆ పిల్లే పట్టుకుంది.”

“గురువారం. ఫకీరు సాయిబు సాంబ్రాణి పొగ వేసి డబ్బు తీసుకోకుండా వెళ్ళాడు. నాకు ఒంట్లో బాగాలేదని ఎవరు చెప్పారో.”

“ఏమీ లేదు.”

“ఏమీ లేదు. దోమలు.”

మీరు నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. తర్వాత కట్టంతా తిరగేస్తే ఈ ‘ఏమీ లేదు’ కాగితాలు చాలా కనిపించాయి. అయిదారు కాగితాలకి ఒకటి ఉంటుంది. శ్రావణంలో వారమంతా అదే. మొదట నాకు నిరాశ కలిగింది. అంత సాధన చేసిన మనిషికి ఇన్ని వట్టి రోజులా? ఆ తర్వాత ఆయన తల్లి గుర్తొచ్చింది. ఏమీ దొరకని రోజు కూడా ఆవిడ చేనంతా తిరిగే కదా ఇంటికి వచ్చేది. తిరగకుండా ఏమీ లేదని చెప్పడానికి వీల్లేదు. ఆ రెండు మాటలు రాయడానికి కూడా ఆయన అరుగుమీద ఆ పది నిమిషాలూ కూర్చున్నారు, పొద్దుటినుంచీ జరిగిందంతా ఒకసారి తిరిగి చూసుకున్నారు. లేనిదాన్ని ఉందని రాయలేదు. మన ఆధ్యాత్మిక పుస్తకాల్లో నాకు ఎక్కడా కనపడని నిజాయితీ ఇది.

ఇంకొకటి గమనించాను. ‘ఏమీ లేదు’ తర్వాతి రోజు కాగితాలు మామూలుకన్నా చిన్న చిన్న వాటిని పట్టుకుంటాయి. శ్రావణంలో ఆ వారం తర్వాత వచ్చిన కాగితం మీద “గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళారెవరో” అని ఉంది. అంతే. మొదటి చదువులో దాటేశాను. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. ముసలాయన నిద్రపోతున్నాడని ఎవరో గేటు మెల్లగా వేశారు. వాళ్ళకి అది గుర్తు కూడా ఉండదు. ఈ సభలోనే ఉన్నారేమో. కోత కోసేవాడికి ఆ గేటు చప్పుడు, చప్పుడు కాకపోవడం, వినపడదు.

చివరి కాగితం ఆసుపత్రికి తీసుకెళ్ళిన ముందురోజుది. ఏదో లోతైన మాట ఉంటుందని ఎదురుచూడకండి. “పెద్దది పులుసులో ఉప్పు తగ్గించింది. చెప్పకుండానే” అని ఉంది. పెద్దమ్మాయిగారూ, ఇది చదవమన్నందుకు మీకు నా నమస్కారం.

ఈ కట్టని ఏం చేయాలన్నదాని మీద మనలో రెండు అభిప్రాయాలున్నాయి. అద్దాలపెట్టెలో పెట్టి గ్రంథాలయంలో ఉంచాలని కార్యదర్శిగారి కోరిక. అచ్చు వేద్దామని అమెరికా నుంచి ఇద్దరు శిష్యులు డబ్బు పంపుతామన్నారు. వాళ్ళ ప్రేమని నేను తక్కువ చేయను. కానీ ఆయన బతికుంటే ఈ కాగితాలు ఎక్కడికి పోయేవో మనకందరికీ తెలుసు. నాలుగు చదివి వినిపించడమే ఎక్కువ చేశానేమో. రెండు భోగులు నా బీరువాలో దాచి తప్పు చేశాను. పెద్దమ్మాయిగారిని అడిగాను, ఆవిడ సరేనన్నారు.

కట్ట ఈ సంచిలోనే ఉంది. రాబోయే భోగినాడు తెల్లవారుజామున నాలుగున్నరకి ఈ గ్రంథాలయం ముందే మంట వేస్తున్నాం. మీకూ రాసుకోవాలనిపిస్తే రేపటి క్యాలెండరు కాగితం ఎలాగూ మీ ఇంట్లో ఉంది. రాసినవాళ్ళు తెచ్చి మంటలో వేయండి, ఎవరూ చదవరు. విరిగిన తట్టలూ పాత చాపలూ తాటాకులూ ఉంటే అవీ పట్టుకు రండి. టైర్లు మాత్రం తేవద్దు.